లక్నవరం దీవుల నడుమ

హనుమకొండ నుంచి ములుగు దాటి వచ్చారు. చల్వాయి దగ్గర జాతీయ రహదారిని వదిలి బుస్సాపురం దారి పట్టగానే గాలి మారింది. కారు అద్దాలు దించండి. టేకు చెట్ల నడుమ కరెంటు తీగ మీద పాలపిట్ట కూర్చుంది. రెక్క విప్పితేనే దాని నీలం పూర్తిగా కనబడుతుంది. ఆగండి, ఎగరనివ్వండి.

ఇది కార్తీక మాసం, లక్నవరం చెరువు నిండుగా ఉంది. వేలాడే వంతెన మీద అడుగు పెట్టగానే కాళ్ల కింద సన్నగా ఊగుతుంది. అవతల దీవి, దాని వెనక ఇంకొకటి. మొత్తం 13 అంటారు. కట్ట ఎక్కడుందా అని చుట్టూ చూస్తే పొడవాటి కట్ట కనిపించదు. కాకతీయులు గుట్టల మధ్య మూడు ఇరుకు సందులను మాత్రమే పొట్టి కట్టలతో మూసి, మిగతా పని గుట్టలకే అప్పజెప్పారు. నీళ్లు నిండాక లోపలి మెరకలు దీవులయ్యాయి. నా మటుకు నాకు ఇది దారిలో చూసిన రామప్ప గుడి శిల్పానికి ఏమాత్రం తీసిపోని పనితనం.

పడవ ఎక్కాలి. మోటారు బోటు వద్దు, కాళ్లతో తొక్కేదే తీసుకోండి. కొంతదూరం పోయి తొక్కడం ఆపండి. ఎండిన మోడు మీద నీటికాకి రెక్కలు బారచాపి నిలబడింది. దాని ఈకలు నీళ్లకు తడిసిపోతాయి, మునకలు ముగిశాక ఆరబెట్టుకోవాల్సిందే. మనం దగ్గరికి పోయి లేపితే తడి రెక్కలతోనే ఎగరాలి. కాబట్టి ఇక్కడే ఉందాం. అదిగో, నలుపు తెలుపు లకుముకి! గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచింది... దూకింది. ముక్కున చేప తళుక్కుమంది.

ఒడ్డుకొస్తే కొండముచ్చులు ఎదురొస్తాయి. పల్లీలు పెట్టకండి. చేతి తిండికి మరిగితే అడవిలో ఏరుకోవడం మానేస్తాయి, సంచులు లాక్కుంటాయి, చివరికి దెబ్బలు తింటాయి.

ఈ నీళ్ల కోసం కింద ఆయకట్టు రైతులు ఎదురుచూస్తున్నారు. యాసంగికి తూములు తెరిస్తే మట్టం దిగుతుంది, అందుకే దీవుల అందం చూడాలంటే ఈ నెలల్లోనే రండి. పాటల స్పీకరు ఇంట్లో వదిలేయండి, తెచ్చిన ప్లాస్టిక్ సీసాను వెంట తీసుకుపోండి.