పానా పట్టిన చేతులు

ఎండాకాలం మధ్యాహ్నం మా పాత అంబాసిడర్ శాలిబండ ఎత్తు మీద ఆగిపోయేది. అరగంట నిలబెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టయ్యేది. పెట్రోలు ఉంది, ప్లగ్గులు కొత్తవి. మా గల్లీ ఉస్తాద్ బానెట్ ఎత్తి కాయిల్‌కి తడిగుడ్డ చుట్టాడు. కాసేపటికి ఇంజను పలికింది. "కాయిల్ పోయింది బేటా. ఇంటిదగ్గర మీరే మార్చుకోండి, దీనికి నేనెందుకు?" అన్నాడు.

మార్చుకున్నాం. ఇంజను చల్లారనిచ్చి ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పాం. ఏ తీగ ఎక్కడిదో గుర్తుకి పట్టీ కట్టాం. నడిమి లావు తీగ లాగి, పానాతో రెండు బోల్టులు విప్పితే కాయిల్ చేతికొచ్చింది. కొత్తదాని ప్లస్‌కి స్విచ్చి తీగ, మైనస్‌కి పాయింట్ల తీగ. తారుమారైనా బండి నడుస్తుంది, కానీ నిప్పురవ్వ బలహీనపడుతుంది. విడి రెసిస్టర్‌తో నడవాల్సిన కాయిల్‌ని నేరుగా పెడితే మాత్రం పాయింట్లు కాలిపోతాయి. కాయిల్ ఎందుకు పోయిందంటే, ఇంజను ఆపి కూడా తాళం తిప్పే ఉంచి మావాళ్ళు రేడియో విన్నారు. కాయిల్ మీదుగా కరెంటు పారుతూనే ఉంది, అది ఉడికిపోయింది.

ఆ డబ్బాలో ఉన్నవి రెండు రాగితీగల చుట్లు. లావుది కొన్ని వందలు, సన్నది వేలు. పాయింట్లు విడిపోయిన క్షణాన 12 వోల్టులు ఇరవై వేలకి ఎగబాకుతాయి.

ఈ పని ముసల్మానులకి పుట్టుకతో వస్తుందని నమ్మేవాళ్ళున్నారు. కారు చెడితే సాయిబుల గల్లీకి పొమ్మంటారు. పొగడ్తే కదా అంటారు. అదే ఇంటి పిల్లవాడు ఇంజినీరునంటే రెండోసారి అడిగి చూస్తారు.

శాలిబండకి దగ్గర్లోనే చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తెప్పించుకోబోయి 1911లో పోయాడు, కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కి చేరింది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఆ మోడల్ కార్లలో మాగ్నెటోతో పాటు బ్యాటరీ, కాయిల్ కూడా ఉండేవి. దాన్ని చూసే జనం నవాబు పేరే చదువుకుంటారు. దాని ప్లగ్గులు తుడిచిన మనిషి పేరు మేము ఏ పలక మీదా చూడలేదు.

1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది పనివాళ్ళతో మొదలైంది. ఉస్మానియా యూనివర్సిటీ 1918 నుంచి ఉర్దూలో పాఠం చెప్పింది. 1929లో ఇంజినీరింగు కాలేజీ వచ్చింది. ఇంజను సంగతి, కరెంటు సంగతి ఇంటిభాషలో చదవగలిగిన కాలం ఒకటుంది మాకు. దానికోసం మాటలు పుట్టించడానికి అనువాద శాఖనే పెట్టారు. ఆ చదువు చాలామంది బీదలకి అందలేదు, అదీ నిజమే.

1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యం రద్దయింది. ఉర్దూ చదువు పోయింది. 1949లో జాగీర్లు పోయాయి. పోవడం న్యాయమే, వాటి కింద నలిగిన రైతుల్లో మావాళ్ళూ ఉన్నారు. మరుసటేడు చట్టం చేసి జాగీర్దార్లకీ వాళ్ళ వాటాదార్లకీ పరిహారం లెక్కకట్టారు. జాగీర్దారు కారు కడిగినవాడి సంగతో? ఆఫీసు తలుపు మూసుకుంటే తెరిచి ఉన్నది షెడ్డు తలుపే. అక్కడ సర్టిఫికెట్ అడగరు. ఛోటాగా చేరి చాయ్ తెచ్చి, పేచ్‌కస్ అందించి, దెబ్బలు తిని ఉస్తాదవుతారు. ముస్లిం పనివాళ్ళు సొంత చిన్నపనుల్లో, బండ్ల రిపేరులో ఎక్కువగా ఉన్నారని 2006లో సచార్ కమిటీ రాసింది. అది పుట్టుక సంగతి ఎట్లా అవుతుంది?

అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. ఇప్పటి చాలా పెట్రోలు కార్లలో ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో చిన్న కాయిల్. ఏది పోయిందో స్కానర్ చెబుతుంది. తడిగుడ్డ పనిచేయదు. ఉస్తాద్ కూడా ఒక స్కానర్ కొన్నాడు. దాని తెర మీద అక్షరాలన్నీ ఇంగ్లీషే, ఇంటరు చదివే మనవరాలు చదివి చెబుతుంది.

మా పాత కాయిల్‌ని మాత్రం అడిగి తీసుకున్నాడు. కోసి, కొత్తగా చేరిన ఛోటాకి లోపలి రెండు చుట్లూ చూపిస్తాడట.