మన ఊళ్ళ నలికిర్లు: రంగులు, పేర్లు, వర్గాలు

కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు అందరూ ‘అరణై’ అనే ప్రాణికి తెలుగులో నలికిరి, నలికండ్ల పాము అని పేర్లు. పేరులో పాము ఉన్నా అది పాము కాదు, బల్లుల్లో ఒక కుటుంబం. నాలుగు కాళ్ళు, కంటిరెప్పలు, చెవిరంధ్రాలు ఉంటాయి. విషం లేదు. అయినా ‘అరణై కరిస్తే మరణమే’ అన్న భయంతో దాన్ని కొట్టి చంపేస్తుంటారు. అందుకే వీటి వర్గాలను ఇక్కడ ఇస్తున్నాము.

యూట్రోపిస్: పెరట్లో, గట్ల మీద కనిపించే కంచురంగు నలికిరి. ష్నైడర్ 1801లో దీనికి ‘కారినేటా’ అని పేరు పెట్టాడు. పొలుసుల మీద గీతలు లేచి ఉంటాయని దాని అర్థం. జతకట్టే కాలంలో మగదాని పక్కలు ఎర్రబడతాయి. పాత పుస్తకాల్లో ఇది ‘మబూయా’. ఆ పేరు ఇప్పుడు అమెరికా ఖండపు నలికిర్లకే మిగిలింది.

రియోపా: సన్నగా, పొట్టి కాళ్ళతో ఉంటుంది. పిల్లప్పుడు తోక ఎర్రగా మెరుస్తుంది, పెరిగేకొద్దీ ఆ రంగు తగ్గుతుంది. శత్రువు తోకను పట్టుకుంటే అది ఊడిపోతుంది, ప్రాణం దక్కుతుంది. చాలాకాలం ‘లైగోసోమా’లో ఉన్న దీన్ని 2019లో జన్యు పరిశోధన ఆధారంగా మళ్ళీ రియోపాలో చేర్చారు.

డేసియా: పడమటి కనుమల చెట్ల మీద బతికేవి. వీటిలో ‘సబ్‌సెరూలియా’ను బౌలెంజర్ 1891లో వర్ణించాడు. ఆ నమూనా దొరికింది మన నాయకుల జమీను బోడినాయకనూరులోనే. నల్లని పట్టీలున్న రెండోదాన్ని చాలాకాలం శ్రీలంక జాతి ‘హాలియానా’ అనుకున్నారు. 2012లో అది వేరే జాతి అని తేల్చి, ‘జాన్‌సింగి’ అని పేరు పెట్టారు. శివకాశి అయ్య నాడార్ జానకి అమ్మాళ్ కాలేజీలో పాఠాలు చెప్పిన వన్యప్రాణి శాస్త్రవేత్త ఎ.జె.టి. జాన్‌సింగ్ గౌరవార్థం పెట్టిన పేరది. శ్రీలంక జాతిగానే లెక్కపెడుతూ ఉంటే, మన కొండల్లో మాత్రమే ఉండే ప్రాణి ఒకటుందని ఎవరికీ తెలిసేది కాదు.

పెరట్లో ఎర్రతోక కనిపిస్తే భయపడకండి, చంపకండి. అది పురుగులను తిని బతికే ప్రాణి. కరిచింది ఏదో చూడకపోతే మాత్రం ‘నలికిరేలే’ అని ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.