కారు అలారం - ‘నాన్నా పులి’ కథ

అర్ధరాత్రి వీధిలో నిలిపి ఉన్న కారు ఉన్నట్టుండి కూతలు మొదలుపెడుతుంది. మీరేం చేస్తారు? దొంగ వచ్చాడని బయటికి పరుగెత్తుతారా? లేదు. తలమీదికి దుప్పటి లాక్కుని ఆ కారు యజమానిని తిట్టుకుంటారు. దొంగను పట్టించాల్సిన పరికరానికి ఈ గతి ఎందుకు పట్టింది?

దొంగ గంట పుట్టుక

1853లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన అగస్టస్ రసెల్ పోప్ విద్యుత్తుతో మోగే దొంగ గంటకు పేటెంట్ పొందాడు. తలుపు గానీ కిటికీ గానీ తెరవగానే వలయం పూర్తయి, విద్యుదయస్కాంతం ఒక చిన్న సుత్తిని కదిలించి గంట మోగించేది. 1857లో ఎడ్విన్ హోమ్స్ ఆ హక్కులు కొని, దాన్ని వ్యాపారంగా పెంచాడు.

కారుకు తలుపు స్విచ్ ఒక్కటే చాలదు. అద్దం పగలగొట్టేవాడినీ, బండిని ఎత్తి లాక్కుపోయేవాడినీ కూడా పసిగట్టాలి. అందుకే కుదుపును గుర్తించే సెన్సర్లు వచ్చాయి. వీటిలో చాలావాటికి ఆధారం 1880లో పియరీ, జాక్ క్యూరీ సోదరులు కనుగొన్న పీజో విద్యుత్ ధర్మం. కొన్ని స్ఫటికాలను నొక్కితే వాటిలో విద్యుదావేశం పుడుతుంది. మరికొన్ని కార్లలో అతిధ్వని తరంగాలు లోపలి కదలికను కనిపెడతాయి.

చిక్కు ఎక్కడుంది?

సెన్సర్‌కు కుదుపు తెలుస్తుంది గాని దొంగ తెలియడు. లారీ వెళ్ళినా, ఉరుము ఉరిమినా, దీపావళి బాంబు పేలినా, పిల్లి దూకినా దానికి ఒకటే. సున్నితత్వం తగ్గిస్తే దొంగ తప్పించుకుంటాడు. పెంచితే పిల్లికీ మోగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర ముందు కూర్చున్నవారిదీ ఇదే ఇబ్బంది. ఆ చుక్క శత్రు విమానమా, పక్షుల గుంపా? ఇలాంటి సందేహాలను లెక్కల్లోకి తెచ్చిన ‘సంకేత గుర్తింపు సిద్ధాంతం’ 1954లో రూపు దిద్దుకుంది.

మీరే ఒక లెక్క వేసి చూడండి. ఒక ఊళ్ళో 10,000 కార్లు ఉన్నాయనుకుందాం. ఒక రాత్రి ఒకే ఒక్క కారు మీద దొంగ చెయ్యి వేశాడు. మిగిలినవాటిలో నూటికి ఒకటి ఊరికే మోగింది. అంటే దాదాపు 100 అబద్ధపు కూతల మధ్య ఒక నిజం! ఇక ఎవరు లేచి చూస్తారు? మనకు తెలిసిన ‘నాన్నా పులి’ కథ ఇదే. పాశ్చాత్యుల కథలో పులికి బదులు తోడేలు ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ష్లోమో బ్రెజ్నిట్జ్ 1984లో అబద్ధపు హెచ్చరికల మీద రాసిన పుస్తకానికి ఆ తోడేలు కథ పేరే పెట్టాడు.

అమెరికాలో బీమా నష్టాల వివరాలను సేకరించే సంస్థ 1997లో పరిశీలించగా, అలారం ఉన్న కార్ల దొంగతనాల నష్టం మొత్తం మీద తగ్గినట్టు కనిపించలేదు.

అరవని కాపలా

దారి మరోచోట దొరికింది. తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. దాని రహస్య సంకేతం సరిపోతేనే ఇంజన్ నడుస్తుంది. ఇదే ఇమ్మొబిలైజర్. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది. దీనివల్ల నెదర్లాండ్స్‌లో కారు దొంగతనాలు సగటున 40 శాతం తగ్గాయని 2016లో వెలువడిన ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఇది జనాన్ని పిలవదు, దొంగను కదలనివ్వదు. ఎవరి నిద్రా చెడదు.

నిద్ర చిన్న విషయం కాదు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి.

మీ ఇంటి కారు అలారం ఊరికే మోగుతుంటే ముందుగా బ్యాటరీ చూపించండి. పూర్తిగా ఛార్జి అయిన 12 వోల్టుల బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపాలి. తర్వాత బానెట్, తలుపుల స్విచ్‌లకు మట్టి, తుప్పు పట్టాయేమో చూడాలి. అద్దాలు పూర్తిగా మూయాలి. అప్పటికీ ఆగకపోతే మెకానిక్ చేత కుదుపు సెన్సర్ సున్నితత్వం తగ్గించాలి.

హాస్టల్‌లోని పొగ అలారానికీ ఇదే సూత్రం. ఊరికే మోగుతోందని తీగ పీకేయకండి, మోగనిచ్చి ఊరుకోనూ వద్దు. కారణం వెతికి బాగుచేయించండి. నిజంగా మంట లేచిన రోజున అందరూ లేవాలి కదా!