ఉప్పు మోసిన తండాలు

నార్కట్‌పల్లి దగ్గర నిలబడితే హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతుంటాయి. అద్దంకి రోడ్డు చీలేదీ ఇక్కడే. లారీలు, రైళ్లు రాకముందు దక్కనుకూ కోస్తాకూ మధ్య సరుకు మోసినవి మా లంబాడీల ఎడ్లు. తండా అంటే ఇప్పుడు మనకు ఊరు. మా పూర్వీకులకు అది నడిచే ఎడ్ల బిడారు.

బీరారు పత్తి బందరు రేవుకు పోయేది. తిరుగుదారిలో అవే ఎడ్ల మీద కోస్తా ఉప్పు వచ్చేది. ఎడ్లు దారిపొడుగునా అడవి గడ్డి మేసేవి, మేతకు ఖర్చు లేదు. ఇల్లూ పిల్లలూ వెంటే. బండి పోలేని దారుల్లో ఇంత చౌకగా మోసేవారు అరుదు. దక్కనుకు వచ్చిన మొగలు సైన్యాలకు ధాన్యం చేర్చిందీ బంజారాలే.

దీన్ని అర్థశాస్త్రం ఎలా చూస్తుంది? సముద్రపు ఉప్పు కోస్తాలో పండుతుంది, మన మెట్టలో పండదు. అది నిరపేక్ష ప్రయోజనం. 1776లో ఆడం స్మిత్ చెప్పింది ఇదే. 1817లో డేవిడ్ రికార్డో ఒక మెట్టు ముందుకు వెళ్లాడు. ఒక ఇంట్లో అక్క గంటలో ఆరు రొట్టెలు చేస్తుంది, లేదా మూడు కడవల నీళ్లు తెస్తుంది. చెల్లి రెండు రొట్టెలు, లేదా రెండు కడవలు. రెండింటిలోనూ అక్కే మేలు. కానీ ఒక్క కడవ తెస్తే అక్క పోగొట్టుకునేది రెండు రొట్టెలు, చెల్లి పోగొట్టుకునేది ఒక్కటే. కాబట్టి చెల్లి నీళ్లకు పోతే ఇద్దరికీ లాభం. ఇది తులనాత్మక ప్రయోజనం.

1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. ఎడ్లూ మారలేదు, మనుషులూ మారలేదు, లెక్క మారింది. ఒక పని పోతే మరో పనికి మారతారని ఆ లెక్క అనుకుంటుంది. మారడానికి మావాళ్లలో చాలామందికి భూమి లేదు, చదువు లేదు. 1871 నేరస్థ తెగల చట్టంతో తిరుగుజాతుల మీద అనుమానపు చూపు కూడా పడింది. వ్యాపారులైన జనం కూలీలయ్యారు. తెలంగాణ లంబాడీలకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 చట్టంతో గానీ రాలేదు.

"మీకు కూలిపనే బాగా వస్తుంది" అని ఎవరైనా అంటే మన పిల్లలు ఈ చరిత్ర చెప్పాలి. ప్రయోజనం రక్తంలో ఉండదు. దారి, భూమి, చదువు, కాలం కలిసి దాన్ని తయారుచేస్తాయి. ఈరోజు కడవ ఎవరు మోస్తే లాభమో రికార్డో లెక్క చెబుతుంది. చెల్లి జీవితాంతం కడవే మోయాలని మాత్రం అది ఎక్కడా చెప్పదు.