అడిగి కట్టిన విమానం

వేల ఏళ్ళ క్రితమే మనకు విమానాలున్నాయని వాదించేవాళ్ళు వెంటనే చూపించే పుస్తకం 'వైమానిక శాస్త్రం'. 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన అయిదుగురు దాన్ని పరిశీలించారు. అది 1904కు ముందు రాసింది కాదనీ, అందులో చెప్పిన విమానాల్లో ఏదీ ఎగరదనీ తేల్చారు. వాదన మాత్రం ఆగలేదు. ఆ పుస్తకం చెప్పినవాళ్ళు విమానం నడిపేవాణ్ణి ఒక్కణ్ణయినా అడిగారా? అడిగి కట్టినవాళ్ళ కథ చూద్దాం.

బ్రిటన్‌లోని డి హావిలాండ్ కంపెనీ 1928లో టొరంటోలో ఒక శాఖ పెట్టింది. అదే డి హావిలాండ్ కెనడా. రెండో ప్రపంచ యుద్ధంలో మస్కిటో బాంబర్లు కట్టింది. యుద్ధం అయ్యాక పని కావాలి. కెనడా ఉత్తరాన రోడ్లు లేవు, రన్‌వేలు లేవు. సరస్సులు, మంచు, అడవి ఉన్నాయి. అలాంటి చోట్ల దిగే విమానాలనే బుష్ ప్లేన్లంటారు. ఒకప్పుడు స్వయంగా వాటిని నడిపిన పంచ్ డికిన్స్‌ను కంపెనీ అమ్మకాలకు పెట్టుకుంది. మీకేం కావాలి అని ఆయన పైలట్లనే అడిగాడు. తక్కువ దూరంలో లేవాలి, ఎక్కువ బరువు మొయ్యాలి, చక్రాలైనా పడవలైనా స్కీలైనా తగిలించుకోగలగాలి అన్నారు. తలుపులోంచి 45 గ్యాలన్ల పీపా దొర్లించుకుపోవాలి. వేగం సంగతో? కుక్కల బండిని మించితే చాలని ఒకాయన అన్నాడట!

మొదట మాతృసంస్థ ఇంజనే పెడదామనుకున్నారు. చివరికి 450 హార్స్‌పవర్ అమెరికన్ ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్ పెట్టారు. సొంత ఇంటి సరుకని పట్టుకుని వేలాడలేదు. 1947 ఆగస్టు 16న బీవర్ ఎగిరింది.

పైలట్లను అడిగారు, అందుకే గెలిచారు అని ఈ కథను సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. రక్షణ శాఖ పద్దులు చూస్తూ రిటైరైనవాణ్ణి, నాకు ఆర్డరు బుక్కు కూడా చూడాలనిపిస్తుంది. మొత్తం కట్టినవి 1657. అందులో 970కి పైగా కొన్నది అమెరికా సైన్యం. అంటే సగానికి మించి! ఆ ఆర్డర్లు లేకపోతే బీవర్ మంచి విమానమే అయ్యేది గాని, కంపెనీ అంత పెద్దదయ్యేదని నేననుకోను. మన పురాణాలనే కాదు, కంపెనీ పురాణాలనూ ఆడిట్ చెయ్యాలి కదా.

ఆ తర్వాత ఆటర్ (1951), కారిబూ (1958), ట్విన్ ఆటర్ (1965) వచ్చాయి. నేపాల్ కొండల్లోని పొట్టి రన్‌వేలకు ట్విన్ ఆటర్ ఎంత అక్కరకొచ్చిందో అటు వెళ్ళినవాళ్ళకు తెలుసు. కంపెనీ మాత్రం చేతులు మారుతూ పోయింది: 1974లో కెనడా ప్రభుత్వం, 1986లో బోయింగ్, 1992లో బొంబార్డియర్. 2006లో బీవర్, ఆటర్ల హక్కులు వైకింగ్ ఎయిర్ అనే చిన్న సంస్థ కొనుక్కుంది.

మన వాయుసేన ఆటర్లను, చైనా యుద్ధం తర్వాత కారిబూలను వాడింది. 1958లో ఆటర్లతో మొదలైన 41వ స్క్వాడ్రన్ ఢిల్లీ పాలంలో ఉంది. ఇప్పుడు నడిపేది డోర్నియర్లను. పేరు మాత్రం ఇంకా 'ఆటర్స్'.