కొండబాటయు కడలితీరమును

గ్రీసు దేశపు ద్వీపములలో పెక్కు సముద్రమునుండి నేరుగ లేచిన కొండలే. క్రీటు ద్వీపమున ఇదా పర్వతము 2,456 మీటర్ల యెత్తు గలది. అచ్చట ఏ కొండనుండి దిగినను కడలి మిక్కిలి దూరము కాదు. నేడు దేశదేశముల యాత్రికులు సెలవుదినములలో అట్టి ద్వీపముల కేగి, సైకిళ్లపై కొండలెక్కి, రాతిబాటల వెంట దిగి, నడుమ నడుమ సముద్రతీరములం దాగి స్నానమాడి, మరల సాగుచుందురు. ఇది వట్టి వినోదమని తోచవచ్చును. కాని ఆ బాటల నెవరు వేసిరి, ఎందులకు వేసిరి యని విచారించినచో వినోదము వెనుక నొక చరిత్ర కనబడును. అట్టి చరిత్ర మన అణైకట్టు ప్రాంతమునకును కలదు.

ముందుగా వాహనమును గూర్చి రెండు మాటలు. 1817లో జర్మనుదేశీయుడగు కార్ల్ ద్రైస్ నిర్మించిన కొయ్యబండికి పెడళ్లు లేవు. కాళ్లతో నేలను తన్నుచు సాగవలసి యుండెను. 1885లో ఇంగ్లండున జాన్ కెంప్ స్టార్లీ గొలుసుతో వెనుకచక్రమును త్రిప్పు సైకిలును వెలువరించెను. 1888లో డన్‌లప్ గాలిటైరును కల్పించెను. మన దక్షిణదేశమున 1949లో చెన్నపట్టణమునందు టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడినది. ఇంతవరకు సైకిలు చదునైన బాటకు చుట్టము. దానిని కొండ కెక్కించినవారు అమెరికాలోని కాలిఫోర్నియా యువకులు. 1970 దశాబ్దమున వారు లావుటైర్ల పాతసైకిళ్లను ఏరి తెచ్చి మారిన్ ప్రాంతపు కొండలనుండి దిగువకు తోలిరి. 1976లో అచ్చట పందెములు మొదలైనవి. ఒక్క మారు దిగునప్పటికి బ్రేకులోని కందెన కాలి ఆవిరియయ్యెడిది. మరల దట్టించిన గాని పనిచేయదు. అందుచే ఆ పందెమునకు 'రీప్యాక్' అను పేరు వచ్చినది. ఇరువదియేండ్లు గడచునప్పటికి, 1996లో, అట్లాంటా ఒలింపిక్ క్రీడలలో ఈ కొండసైకిలు పందెమునకు స్థానము లభించినది.

ఇందు గమనింపదగినది యొకటి కలదు. ఆ యువకులు దిగిన బాట ఆటకై వేసినది కాదు. అడవిలో అగ్గి పుట్టినప్పుడు ఆర్పువారు పోవుటకై వేసినది. గ్రీకు ద్వీపముల బాటలును అట్టివే. ఓడదొంగల భయమున అచ్చటి ప్రజలు పలుచోట్ల తీరమును విడిచి కొండలపై ఊళ్లు కట్టుకొనిరి. ఊరికిని రేవుకును నడుమ 'కల్దెరీమి' యనెడి రాళ్లు పరచిన దారులు వేసిరి. గాడిదలును కంచరగాడిదలును వాటి మీదుగా నూనెను, ధాన్యమును మోసినవి. మోటారుదారులు వచ్చిన పిదప ఆ బరువులు బండ్లకెక్కినవి. పాతబాటలు పెక్కు యాత్రికుల పాలైనవి. ఊరివారి యవసరము తీరిన తరువాతనే బాట ఆటస్థల మైనదన్నమాట.

ఇక మన యెడ చూతము. అణైకట్టన్నను ఆనకట్టయన్నను ఒకే మాట. ఆ యూరికి దక్షిణమున జవ్వాది కొండలు, ఉత్తరమున పాలారు. పాలారు కర్ణాటకమున నందికొండలలో పుట్టి, ఆంధ్రదేశమున సుమారు 33 కిలోమీటర్లు నడచి, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు, ఆర్కాడుల మీదుగా 348 కిలోమీటర్లు సాగి వాయలూరు కడ సముద్రమున కలియును. పలమనేరు కొండల కౌండిన్యనది గుడియాత్తమును తాకి వచ్చి ఇందే చేరును. వర్షకాలమున దక్క ఇసుకయే కనబడు నది యైనను, కొండకును కడలికిని దారి చూపినది ఇదియే.

ఈ దారిని నడచినవారు విహారులు కారు. మెట్టసీమకు ఉప్పు కావలెను. తీరమునకు ధాన్యము కావలెను. పెరికెలు మోయు ఎద్దుల మందలను తోలుకొని లంబాడీలు ఈ మార్పిడి సాగించిరి. 1791 ఫిబ్రవరిలో కారన్‌వాలిసు వేలూరున సైన్యమును కూర్చి, ఆంబూరు వంకకు పోవుచున్నట్లు నటించి, మొగిలి కనుమ నెక్కి పలమనేరు మీదుగా బెంగుళూరుపై బడెను. శ్రీరంగపట్టణము సమీపించునప్పటికి తిండిలేక ఎద్దులు కూలినవి, సేన వెనుదిరిగినది. మరుసటి యేడు లంబాడీల ధాన్యపుటెద్దులు వెంట నుండగా గాని ఆ దండయాత్ర ఫలింపలేదు. కనుమదారుల విలువ నెరిగినవారు దండనాథులకంటె ముందు ఎద్దులవారని దీనివలన తెలియును.

నేడొక యువకుడు అణైకట్టునుండి ఈ దారినే సైకిలుపై సాగినచో రెండుమూడు దినములలో కడలిని చేరగలడు. ఆరవీటి రాయలు తమ రాజ్యపు చివరి దశలో రాజధానిగ చేసికొన్న వేలూరు కోట, 1806 జూలై 10న సిపాయిలు తిరుగబడినదియు నచ్చటనే, మొదటి మజిలీ. 1751 నాటి ముట్టడికి పేరొందిన ఆర్కాడు రెండవది. కాంచీపురము, చెంగల్పట్టు దాటినచో, నదీముఖమునకు చేరువనే డచ్చివారు వర్తకమునకై కోట కట్టిన సద్రాసు. కొంత యుత్తరమున, 1984లో ప్రపంచవారసత్వ స్థలముగ గుర్తింపబడిన మామల్లపురపు ఇసుకతిన్నెలు. గ్రీకు ద్వీపమున నొక పూటలో ముగియు కొండ–కడలి ప్రయాణము ఇచ్చట రెండుమూడు దినములు పట్టును. చరిత్ర మాత్రము అంతకంతకు పెరుగును.

కాని ప్రయాణము పల్లమున కాక జవ్వాది కొండలపైననే ఆరంభమైనచో? అచ్చట మలయాళీలను పేరుగల గిరిజనులు తరతరములుగ నివసించుచున్నారు. 2023 మే నెలలో అణైకట్టు సమీపమున అల్లేరి కొండపై నొక పసిబిడ్డను పాము కరచినది. దారి సరిగా లేక ఆసుపత్రికి చేరులోపలనే ఆ బిడ్డ ప్రాణము పోయినది. తిరుగుదారిలో అంబులెన్సు నడుమనే నిలిచిపోగా, తల్లి బిడ్డ శవమును చేతులపై మోసికొని కొండ నెక్కవలసి వచ్చినది. రాళ్లు తేలిన బాట సైకిలు తొక్కువానికి ఉల్లాసము. ఆ బాటయే తల్లికి మృత్యువు.

కావున క్రీడను నిషేధింపవలెనని నా యభిప్రాయము కాదు. కొండ నెక్కిన యువకునకు దేహబలముతోపాటు దేశపరిచయమును కలుగును. మోటారు వేగమున కందని పాతకోటలు, పాతరేవులు, పాతమాటలు సైకిలు నెమ్మదికి అందును. అయినను క్రమమును మరువరాదు. గ్రీకు ద్వీపములలో బాట ముందు బ్రదుకుకు, తరువాత విహారమునకు ఉపయోగపడినది. మన కొండలలో మొదటి పనియే ఇంకను పూర్తి కాలేదు. విహారమునకై కొండ నెక్కువాడు తాను చూచిన గతుకులను ఆనందముగ చెప్పుకొనుట కంటె, అవి ఎచ్చట నున్నవో, ఏ యూరిని వైద్యునకు దూరము చేయుచున్నవో పల్లమునకు వచ్చి నలుగురికి చెప్పినచో, అతని సెలవు సార్థకమగును. నాడు ఎద్దులవారు ఉప్పును పైకి మోసి, ధాన్యమును క్రిందికి దెచ్చిరి. నేటి యాత్రికుడు వార్తనైనను మోయవలదా?