కరెంటు చేరని తోట ఇంటిలో ఫ్రిజ్ నడపడం ఎలా?

ఊరికి దూరంగా, కరెంటు స్తంభాలు చేరని చోట కట్టుకున్న చిన్న ఇంటిని మనం తోట ఇల్లు అంటాము. కన్నడిగులు తోటద మనె అనీ, తమిళులు తోట్టత్తు వీడు అనీ అంటారు. పేరు ఏదైనా దాని తీరు ఒక్కటే. వారంలో ఒకటి రెండు రోజులు మనుషులు ఉంటారు. మిగిలిన రోజులు తలుపుకు తాళం ఉంటుంది.

సౌర ఫలకాలు వచ్చిన తరువాత ఇటువంటి ఇంటిలో దీపం, ఫ్యాను నడపడం సులభమైంది. ఫ్రిజ్ సంగతి వేరు. మనం లేనప్పుడు దీపం ఆరిపోతే నష్టం లేదు. ఫ్రిజ్ మాత్రం రెండు రోజులు ఆగి, ఎండ రాగానే మళ్లీ నడిస్తే, తలుపు తీసిన వారికి అంతా చల్లగానే కనిపిస్తుంది. లోపల ఉన్న టీకా మందు, ఇన్సులిన్, పాలు అప్పటికే చెడిపోయి ఉండవచ్చు. కాబట్టి తోట ఇంటి ఫ్రిజ్ విషయంలో ప్రశ్నలు రెండు: అది ఎలా నడుస్తుంది? ఆగితే మనకు ఎలా తెలుస్తుంది?

ముందుగా తేల్చుకోవలసినది

తాళం వేసిన రోజులలో తప్పనిసరిగా చల్లగా ఉండవలసిన వస్తువు ఏదైనా ఉన్నదా? లేకపోతే ఫ్రిజ్‌ను ఆపివేయడమే మేలు. మంచు కరిగించి, లోపల పొడిగా తుడిచి, తలుపు సందులో చిన్న చెక్క ముక్క పెట్టి కొద్దిగా తెరిచి ఉంచాలి. మూసి ఉంచితే బూజు పడుతుంది. వెళ్లేటప్పుడు ఐస్ పెట్టెలో కావలసినవి తీసుకువెళ్తే ఒకటి రెండు రోజులకు సరిపోతుంది.

ఉన్నదంటే అది ఏ వస్తువో చూడాలి. వండిన ఆహారం, పాలు 5 డిగ్రీల సెల్సియస్ లోపు ఉండాలి. గాలికుంటు టీకా, తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఈ రెండూ ఒకసారి గడ్డకడితే, తరువాత కరిగినా పనికిరావు. అంటే వేడి ఎంత చేటో, అతి చలి కూడా అంతే చేటు.

ఫ్రిజ్‌కు ఎంత విద్యుత్తు కావాలి?

ఫ్రిజ్ తలుపుపై అతికించిన నక్షత్రాల పట్టీ మీద సంవత్సరానికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో ముద్రించి ఉంటుంది. దానిని 365తో భాగిస్తే రోజు ఖర్చు వస్తుంది. ఒంటి తలుపు చిన్న ఫ్రిజ్ రోజుకు సుమారు అర యూనిట్ తీసుకుంటుందని అనుకోవచ్చు. రేకుల కప్పు కింద, వేసవిలో ఇది పెరుగుతుంది. అందుచేత ఫ్రిజ్‌ను నీడపట్టున ఉన్న గోడ పక్కన, వెనుక జానెడు ఖాళీ వదిలి పెట్టాలి.

ఇక్కడ చాలామంది లెక్కలోకి తీసుకోని ఖర్చు ఇన్వర్టరుది. ఫ్రిజ్ ఆగి ఉన్న సమయంలో కూడా ఇన్వర్టరు తన కోసం కొంత విద్యుత్తు వాడుకుంటూనే ఉంటుంది. అది 15 వాట్లు అనుకుంటే 24 గంటలకు 0.36 యూనిట్. అంటే ఫ్రిజ్ ఖర్చుకు మూడింట రెండు వంతులకు పైగా అదనం. పైగా కంప్రెసరు మొదలయ్యే క్షణంలో, నడిచేటప్పటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ విద్యుత్తు లాగుతుంది. ఆ తాకిడికి తట్టుకోవాలంటే ఇన్వర్టరు పెద్దది కావాలి. పెద్దదైన కొద్దీ దాని సొంత వాడకం కూడా పెరుగుతుంది.

12 లేదా 24 వోల్టుల బ్యాటరీపై నేరుగా నడిచే డీసీ ఫ్రిజ్‌కు ఇన్వర్టరు అక్కరలేదు. ధర ఎక్కువైనా, ఫలకాలు, బ్యాటరీలు తక్కువ సరిపోతాయి కాబట్టి మొత్తం ఖర్చును కలిపి పోల్చుకోవాలి.

ఒక లెక్క

మబ్బు పట్టిన రోజులను దృష్టిలో పెట్టుకొని, రోజుకు రెండున్నర గంటల పూర్తి ఎండతో సమానమైన వెలుతురే దొరుకుతుందని అనుకుందాం. దుమ్ము, వేడి, తీగలలో పోయేది తీసివేస్తే ఫలకం సామర్థ్యంలో 70 శాతం చేతికి వస్తుందని, మూడు రోజుల నిల్వ కావాలని పెట్టుకుందాం.

మామూలు ఫ్రిజ్, ఇన్వర్టరు కలిపి రోజుకు సుమారు 1 యూనిట్. ఫలకాలు 570 వాట్లు కావాలి. మూడు రోజుల నిల్వ 3 యూనిట్లు. సీసపు బ్యాటరీని సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి 6 యూనిట్ల బ్యాటరీలు, అంటే 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలు నాలుగు.

రోజుకు 0.4 యూనిట్ తీసుకునే డీసీ ఫ్రిజ్‌కు సుమారు 230 వాట్ల ఫలకం, 12 వోల్టుల 200 ఏహెచ్ సీసపు బ్యాటరీ ఒకటి చాలు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీని 80 శాతం వరకు వాడుకోవచ్చు. నీళ్లు పోసే పని కూడా లేదు. మనిషి లేని ఇంటికి ఇది అనుకూలం.

ఫలకం దక్షిణ ముఖంగా ఉండాలి. వాలు దాదాపు ఆ ఊరి అక్షాంశమంత: హోసూరులో 13 డిగ్రీలు, బళ్లారిలో 15, యానాంలో 17, రాయగడ, నాందేడ్‌లలో 19. కోస్తాలోనూ హోసూరు వైపునా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ఈశాన్య ఋతుపవనాల మబ్బును కూడా లెక్కలో ఉంచుకోవాలి.

విద్యుత్తు బదులు చలిని నిల్వ చేయడం

ఈ సమస్యను ఆరోగ్య శాఖలు ఎప్పుడో ఎదుర్కొన్నాయి. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలోని టీకా పెట్టెల లోపలి గోడల వెంట మంచు గొట్టాలో, నీటి సంచులో ఉంటాయి. రోజులో 8 గంటలు కరెంటు ఉన్నా, మిగిలిన 16 గంటలు ఆ మంచే చలిని కాపాడుతుంది. 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ తదితర సంస్థలు కలిసి మొదలుపెట్టిన సోలార్‌చిల్ పథకం దీనిని మరొక మెట్టు ఎక్కించింది. ఫలకం నుంచి విద్యుత్తు నేరుగా కంప్రెసరుకు వెళ్తుంది. పగలు మంచు కడుతుంది. రాత్రి ఆ మంచు పని చేస్తుంది. నిల్వకు బ్యాటరీ అక్కరలేదు. మనిషి లేని చోట ముందుగా దెబ్బతినేది బ్యాటరీయే కాబట్టి ఇది పెద్ద మేలు.

ఒక కిలో మంచు కరిగేటప్పుడు సుమారు 93 వాట్ అవర్ల వేడిని పీల్చుకుంటుంది. పది కిలోలైతే దాదాపు 0.93 యూనిట్. గోడల గుండా 20 వాట్ల వేడి లోపలికి చొరబడే మంచి పెట్టెను ఆ పది కిలోలు సుమారు రెండు రోజులు చల్లగా ఉంచుతాయి. పై మూత ఉన్న పెట్టె అయితే ఇంకా మంచిది. చల్లని గాలి బరువైనది కాబట్టి మూత తీసినప్పుడు బయటికి జారిపోదు. ఇంటి ఫ్రిజ్‌లోనూ ఖాళీ ఉన్న చోటంతా నీటి సీసాలు నింపితే, ఆగిన తరువాత చలి ఎక్కువ సేపు నిలుస్తుంది. మంచు కట్టిన సీసా మాత్రం మందులకు తగలరాదు.

గ్యాసు ఫ్రిజ్, ఇసుక గది

మంటతో చల్లబరిచే ఫ్రిజ్‌ను 1922లో స్టాక్‌హోమ్ విద్యార్థులు ప్లాటెన్, మంటర్స్ రూపొందించారు. కరెంటు లేకుండా నడుస్తుంది. కాని తాళం వేసిన ఇంటిలో మంటను వదిలి వెళ్లరాదు. మన వేసవి వేడిలో దాని చలి కూడా తగ్గుతుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ రూపొందించిన, ఇటుకల మధ్య ఇసుక తడిపే చల్లని గది కూరగాయలకు చక్కనిది. అయితే ఇసుకను రోజూ తడపాలి. అందుకు మనిషి ఉండాలి. మందులకు చాలినంత చలి కూడా అందులో రాదు.

మనిషి లేని చోట తప్పనిసరి జాగ్రత్తలు

1. బ్యాటరీ తగ్గినప్పుడు ఆగిపోయిన ఇన్వర్టరు, మళ్లీ నిండినప్పుడు దానంతట అదే మొదలవ్వాలి. కొన్నింటికి మీట నొక్కితే తప్ప కదలిక ఉండదు. కొనేముందు దుకాణంలోనే ఆపి చూపించమనాలి.
2. 12 వోల్టుల తీగ పొట్టిగా, లావుగా ఉండాలి. సన్నని తీగలో వోల్టేజి పడిపోయి కంప్రెసరు మొదలుకాదు.
3. బ్యాటరీ పక్కనే ఫ్యూజు ఉండాలి. సీసపు బ్యాటరీ నుంచి మండే వాయువు వెలువడుతుంది కాబట్టి గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా ఉంచాలి.
4. ఫలకాల చట్రానికి ఎర్తింగు తప్పనిసరి. దొంగతనం భయం ఉన్న చోట విప్పరాని బోల్టులు వాడాలి.

సాక్షిని ఉంచడం

ఫ్రిజ్ మన వెనుక ఆగిందో లేదో చెప్పే సాక్షి కావాలి. మంచు గదిలో గ్లాసు నీటిని గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టాలి. తిరిగి వచ్చేసరికి నాణెం మంచులోకి దిగిపోయి ఉంటే, మధ్యలో మంచు కరిగిందని అర్థం. కింది అరకు అత్యధిక, అత్యల్ప ఉష్ణోగ్రతలను గుర్తుంచుకునే థర్మామీటరు కావాలి. అది 8 దాటినా, సున్నాకు దిగినా తెలుస్తుంది. సెల్ సిగ్నల్ అందే తోటలలో, సిమ్ కార్డుతో ఫోనుకు కబురు పంపే పరికరం ఇంకా మేలు. 2015లో మొదలైన ఈవిన్ పథకంలో మన ప్రభుత్వ టీకా పెట్టెలకు అమర్చింది ఇటువంటిదే.

చెడిన పాలు వాసనతో చెప్తాయి. చెడిన టీకా ఏమీ చెప్పదు. సూది పడుతుంది, మంద కాపాడబడిందని ఇంటివారు నమ్ముతారు, రోగం వచ్చినప్పుడు గాని నిజం బయటపడదు. అందుచేత థర్మామీటరు హద్దు దాటిన మందును పశువుకు గాని, మనిషికి గాని వాడకుండా పశువైద్యుడికో వైద్యుడికో చూపాలి. ఇన్సులిన్ తెరవని సీసాలను ఊరి ఇంటిలోనే ఉంచాలి. వాడుతున్న సీసా 30 డిగ్రీలు మించని చోట సాధారణంగా నాలుగు వారాలు నిలుస్తుంది. ఈ విషయంలో సీసాతో వచ్చిన సూచన పత్రమే ప్రమాణం.